నా సైటు మీది గులాబీ గోళ్ళరంగు

పావర్ క్రీక్ కౌంటీ, మోంటానా, షెరీఫ్ శ్రీయుత గార్డెల్ లిండ్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: స్వాధీనపరచుకొనిన నా కార్బైన్ తుపాకీని బోడిగా తిరిగి ఇచ్చుట గురించి.

తమరు నా సొంత తమ్ముడే అయినప్పటికీ, "ఆఫీసు పనిలో అక్కలూ తమ్ముళ్ళూ ఉండరు, ఏదున్నా రాసివ్వు" అని నలుగురి ముందు సెలవిచ్చిన కారణమున ఈ అర్జీ రాసుకొనుచున్నాను.

1. నా భుజమునకు ఆపరేషన్ అయినది. పెద్ద రైఫిల్ తన్నితే తట్టుకోలేను. ఈ కార్బైన్‌లో వేసేది పిస్టల్ తూటాయే గనుక అంతగా తన్నదు. అందుకే మా ఆయన లోవెల్ దానిని కొని, నా చూపు మందగించినదని గురి చూచుకొనుటకు పైన ఎర్రచుక్క సైటు బిగించి, ముందు లైటు పెట్టి, బుగ్గ ఆనించుకొనుటకు తోలు మెత్త స్వయముగా కుట్టెను. సైటు మీట కనబడుట లేదంటే, నా గులాబీ గోళ్ళరంగు తీసి దాని మీద చుక్క పెట్టెను. అది ఆయన నాకు చేసిన ఆఖరి పని.

2. కిందటి నెల గొర్రెల దొడ్డి మీద పడిన కయోటీ నక్కలను కాల్చితిని. పట్నం నుండి కొత్తగా దిగిన పొరుగాయన "ముసలామె మిలిటరీ గన్ను పట్టుకుని తిరుగుతోంది" అని ఫిర్యాదు చేసెను. నల్లగా ఉన్నదల్లా మిలిటరీదైతే ఆయన కాఫీ మిషనూ మిలిటరీదే. తమ డిప్యూటీ ట్రెవర్ వచ్చి పరీక్ష నిమిత్తము తుపాకీ పట్టుకుపోయెను.

3. తప్పేమీ లేదని తేలిన పిదప నా చేతికి వచ్చినది ఈకలు పీకిన కోడి. సైటు లేదు, లైటు లేదు, మెత్త లేదు. అడిగితే ట్రెవర్, "గన్ను ఇచ్చాం కదా పెద్దమ్మా, పేలుతుంది కదా, ఇంకేం కావాలి?" అనెను. పేలుతుందిరా నాయనా, ఎటు పేల్చాలో కనబడొద్దూ?

4. ఆదివారము గన్ క్లబ్బు పోటీలో తమ సొంత కార్బైన్ మీద నా సైటును గులాబీ చుక్కతో సహా చూచితిని. "అది నాదిరా" అంటే, "ఆ సైట్లన్నీ ఒకేలా ఉంటాయక్కా" అన్నారు. అన్నిటికీ కంపెనీవాడే గోళ్ళరంగు పూసి పంపుతాడా? సిగ్గు లేదూ? పైగా దాంతో రెండో బహుమతి కూడా కొట్టేశావు! (క్షమించవలెను. కొట్టేశారు.)

5. నిన్న తెల్లవారుతుండగా కయోటీ మళ్ళీ వచ్చినది. కాల్చితిని. తగల్లేదు. మళ్ళీ కాల్చితిని. నేను సీసాతో పాలు పట్టి పెంచిన గొర్రెపిల్లను నా కళ్ళెదుటే ఈడ్చుకుపోయింది. అది అరుస్తూనే ఉంది. ఈనే కాలము ఇంకా చాలా మిగిలియున్నది. మంద పోతే ఈ నేల అమ్ముకొని ఏ వృద్ధాశ్రమములోనో పడి ఉండవలసినదే.

కావున, నా సైటు, లైటు, మెత్త తమరే స్వయముగా తెచ్చి, తమ చేతులతోనే బిగించి, ఆ పిదప ఈ అర్జీని ఎన్నిసార్లైనా తీరికగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు (ఈ ఒక్క కాగితం వరకే),
వెల్డా క్రోగ్‌స్టాడ్

తా.క. ఒరేయ్ గార్డీ, చిన్నప్పుడు గడ్డి కొట్టంలో గిలకపాము నీ కాళ్ళ దగ్గర చుట్టచుట్టుకుని తోక ఆడిస్తుంటే, "అక్కా!" అని ఒక్క కేక పెట్టావు. నాన్న తుపాకీ అందుకుని దాని తల ఎగరగొట్టాను. నిన్ను రాసివ్వమన్నానట్రా?