గోడ పగులుకు స్కేలు

అన్నా,

ఫోన్ చేస్తే ఈ ఒక్క గదిలో పిల్ల వింటుందని ఉత్తరం రాసి మనిషితో పంపుతున్నాను.

ఈసారి మూడో తరగతిలో రుతుజకు సెంటీమీటర్లు నేర్పుతున్నారు. ఇంట్లోని వస్తువులు కొలిచి రాసుకురమ్మన్నారట. మంచం, తలుపు అయ్యాక అది గోడలోని పగులుకు స్కేలు పెట్టింది. సోమవారం రెండు సెంటీమీటర్ల వెడల్పున్న పగులు నిన్నటికి మూడున్నర అయింది.

“సరిగ్గ చూసినవా బిడ్డా?” అన్నాను.

“మూడుసార్లు చూసిన మమ్మీ.”

మీ బావ మాత్రం, “ఈ చాల్ బిల్డింగు ఖాలీ చేస్తే గది మళ్ల మనకియ్యరు” అంటున్నాడు. గోడ ఎప్పుడు కూలుతుందో తెలియదు. మేమిద్దరం ఇక్కడే ఉంటాం. రేపు బడి వదిలే వేళకు ఫోరస్ రోడ్డు మూలకు వచ్చి, పిల్లను వర్లిలో మీ ఇంటికి తీసుకుపో.

దాని బట్టలు సర్దుతుంటే, “నీ బట్టలేవి?” అని అడిగింది. వెనక వస్తానని చెప్పాను.

నీ చెల్లెలు