పై దొన పాచి

గిద్దలూరు,
మే 11

సువార్తక్కా,

ఫోన్లో చెప్తే నువ్వు మధ్యలో "సరేలే రా" అంటావు, నేను అక్కడితో తప్పించుకుంటాను. అందుకే కాగితం.

పోయిన ఏడాది కొండ మీద, రాతిగుంటలో ఊటనీళ్ళు నిలిచే పై దొనకు ఎక్కిన రోజు నీకు గుర్తుంది. మన పేటవాళ్ళు వేరే ఊట ఉన్న కింది దొనలోనే నీళ్ళు ముంచుకోవాలి, పై దొన గట్టు తొక్కకూడదు. ఆ గట్టు మీది పాచిని ఎవరూ ముట్టకూడదు, పోలేరమ్మ దానితోనే రాయిని పెంచుతుంది. ఇదీ కట్టుబాటు. నేను ముప్పై మందితో ఎక్కాను. ఎక్కడం న్యాయం. ఆ మాట మీద ఇవాళ ఎవడొచ్చినా వాదిస్తాను. కానీ ఎక్కి ఊరుకోలేదు. పిల్లలు జారిపడతారని గట్టంతా ఇనుప బ్రష్షులతో గీకించాను, బ్లీచింగ్ పౌడర్ పోయించాను. ఊళ్ళో గొర్రెలు కాసే పిచ్చయ్య మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "తొక్కితే తొక్కండి నాయనా, పాచిని మాత్రం ఇడిసిపెట్టండి" అన్నాడు. "పాచిలో అమ్మ ఉంటే ఈ వాసనకి తుమ్ముతుందిలే మామా" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుండింది.

ఈ ఎండాకాలం దొనలో నీళ్ళు నిలవలేదు. "పేటోళ్ళు తొక్కినారు, అమ్మ అలిగింది" అని ఊరు మీ మీద పడింది. వానలు తక్కువ, అంతే అని నేను కరపత్రం వేశాను. వేసేటప్పటికే గట్టు పగుల్లోంచి ఊటనీళ్ళు కారిపోవడం కళ్ళారా చూసి ఉన్నాను.

గట్టు పెచ్చొకటి మార్కాపురంలో పాఠాలు చెప్పే నాగమల్లేశ్వరి మేడమ్‌కు ఇచ్చాను. సూక్ష్మదర్శినిలో పెట్టి నన్నూ చూడమంది. పొర మీద పొర, ఉల్లిగడ్డలా. ఊటనీళ్ళు కొండలోని సున్నాన్ని కరిగించి తెస్తాయట. పాచిలో ఉండే కంటికి కనపడని జీవులు ఆ నీళ్ళలోని గాలిని పీల్చుకుంటే సున్నం వాటి ఒంటి మీదే పేరుకుంటుందట. అవి దాన్ని దాటి పైకి పాకుతాయి, వెనక మిగిలేది రాయి. పగుళ్ళను పూడ్చేది కూడా ఆ పొరే. "అన్నిటికన్నా పై పొర చచ్చిపోయింది. ఏం పోసినారు సార్?" అని అడిగింది. నేను పెచ్చు జేబులో వేసుకుని బస్సెక్కాను.

అక్కా, ఆ కట్టుబాటులో కులం ఉంది, భయం ఉంది. వాటి అడుగున ఎవరో తరాలుగా చూసి నేర్చిన నిజం కూడా ఉంది. నేను మూడింటినీ ఒకే బ్రష్షుతో గీకాను. నిజం చెప్తే మనల్ని ఎక్కనివ్వనివాళ్ళు పండగ చేసుకుంటారని ఇన్నాళ్ళు నోరు మూసుకున్నాను. అది సగమే. మిగతా సగం నా పేరు పోతుందన్న భయం. నింద మీరు మోస్తున్నారు. ఆదివారం ఊరి నడుమ నిలబడి, తప్పంతా నాదేనని చెప్తాను.

నీ తమ్ముడు,
వెస్లీ

*

మే 15

ఒరే వెస్లీ,

నేను చెప్తాంటే మా పాప సుప్రియ రాస్తాంది. నువ్వు ఇప్పుడు కనిపెట్టింది పిచ్చయ్య మామకు ఎప్పుడో తెలుసు. నెల కిందట మా ఇంటి ముందరికొచ్చి, "మీ కింది దొనలో పాచి బతికుండాది సువార్తమ్మా, రెండు రాళ్ళు ఇయ్యి, పైన పెట్టుకుంటా" అన్నాడు. "మా పాచి పనికొస్తాదా మామా, మా కాళ్ళు పనికిరావా?" అన్నా. తల దించుకున్నాడు. "మీరే ఎక్కి పెట్టండమ్మా" అన్నాడు. అదే మాట ఊళ్ళో అందరి ముందర అనమన్నా. అన్నాడు. కొందరు మూతి తిప్పుకున్నారు గానీ అడ్డం రాలేదు.

ఏడుగురు ఆడోళ్ళం చెప్పులిడిసి ఎక్కినాం. పాచి పట్టిన రాళ్ళను పగులు కాడ పేర్చి, వాటి మీదుగా నీళ్ళు పారేటట్టు చేసినాం. నిన్న పోయి చూస్తే పచ్చగా జిగురు పట్టింది. రాయి కావాలంటే ఏండ్లు పడతాదంట. పట్టనీ.

ఆదివారం ఆరాధన అయినంక రా. చెప్పేది చెప్పు, ఉపన్యాసం మాత్రం మొదలుపెట్టమాక. తప్పంతా నాదే అని కూడా అనమాక. ఆ పొద్దు నా చేతిలో కూడా బ్రష్షు ఉండె. అంతా నువ్వే మోస్తే మాకు చేతులే లేనట్టు గదరా. నా మాట నేను చెప్పుకుంటా. పక్కన నాకు కాస్త జాగా పెట్టి నిలబడు.

మీ అక్క,
సువార్తమ్మ