పండుగకు ముందు తెంపిన మొర్రికాయ

జగదల్‌పూర్, ఏప్రిల్ 19

అమ్మా, నేను బాగున్నాను. ఊళ్లో ఫోన్లు కలవడం లేదని కార్డు రాస్తున్నాను.

మొన్న యూనివర్సిటీలో పర్యావరణం క్లాసు చెప్పే మేడం, అడవిలో మొర్రిచెట్లు ఎందుకు తగ్గిపోతున్నాయని అడిగారు. సారపప్పు కోసం పచ్చికాయలే దూసేస్తే ఇక మొలిచేదేముంది అన్నాను. ఏ పుస్తకంలో ఉందన్నారు. చిన్నప్పుడు తొలి పండ్లు దేవునికి పెట్టే కొత్త పండుగ చేయకముందే నేనొక కాయ తెంపితే, చేతి మీద ఒక్కటిచ్చి, "దేవునికి పెట్టకముందే నీ తొందరేందే? పండనియ్యి!" అన్నావు కదా, అదే చెప్పాను. మేడం నన్ను ముందుకు పిలిచి అందరికీ మళ్లీ చెప్పించారు. ఆ రోజు నీ మీద అలిగి అన్నం మానేశాను. ఇప్పుడు ఆ దెబ్బకు దండం పెడుతున్నాను.

బర్రె ఈనిందా? నాయన మోకాలు నొప్పి తగ్గిందా? గొల్లపల్లి నుంచి ఎవరైనా వస్తుంటే నా గొడుగు పంపించు.

ఈ ఏడు మొర్రిపండ్ల కొత్త పండుగ ఏ రోజు చేస్తున్నారో మాత్రం వెంటనే రాయి. నా గదిలో ఉండే దేవే అనే పిల్ల ప్రతి సంతకూ దోసెడు మొర్రిపండ్లు తెచ్చి నా బల్ల మీదే పెడుతోంది. నేనింకా ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. నాయనకు, ఇంటిల్లిపాదికీ దండాలు. చేయి మాటిమాటికీ అటే పోతోందమ్మా, కొట్టడానికి నువ్వేమో ఇక్కడ లేవు.

నీ వినీత