అనసూయత్త అడిగిన రెండో చరణం

సెప్టెంబర్ 15
ఈరోజు నుంచి రోజుకు ఐదు పేజీలు. తప్పేది లేదు!

నానమ్మ చేత్తో రాసుకున్న పెళ్లిపాటల పుస్తకాన్ని తాతయ్య ఎప్పుడో నాంపల్లిలో ఒక లైబ్రరీకి ఇచ్చేశాడు. వాళ్లిప్పుడు దాన్ని స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. వచ్చే నెల పదిన మా మేనత్త అనసూయ మనవరాలు స్నేహ పెళ్లి. భోజనాల బంతిలో మగపెళ్లివారిని ఆటపట్టిస్తూ నానమ్మ పాడే పాటలో అత్తకు మొదటి చరణమే గుర్తుంది. కళ్లు ఆనవు. "రెండోది జర దేవులాడు బిడ్డా. మా అమ్మ పాట నిండుగ పాడాలె" అంది. వెతకడమెంత పని? బ్యాంకులో ఇరవయ్యేళ్లుగా ఎవరెవరి సంతకాలో పోల్చుకుంటున్నవాణ్ణి.

సెప్టెంబర్ 16
అంతా గొలుసుకట్టు రాత. అక్షరాలు ఒకదాని చెయ్యి ఒకటి వదలవు. గంటసేపు కుస్తీ పడితే తేలిందేమిటంటే, మొదటి పేజీ పాట కాదు, చింతకాయ తొక్కు కొలతలు.

సెప్టెంబర్ 18
సున్నా పేజీలు. తప్పు నాది కాదు, ఫోన్‌ది. కాగితం మీదైతే చకచకా చదివేస్తాను.

సెప్టెంబర్ 21, ఆదివారం
అబిడ్స్ వెళ్లి మొత్తం ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ వేయించాను. బరువుగా ఉంది. సగం చదివేసినంత తృప్తి. తిరిగొస్తూ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూశాను. నాలుగు కొన్నాను. వాటిలో ఒకటి చదివాను కూడా.

సెప్టెంబర్ 25
బతుకమ్మ పూల కోసం తిరగడమే సరిపోయింది. సంస్కృతి కోసమే కదా ఇదీ.

సెప్టెంబర్ 29
సరస్వతీ పూజ. మా ఆవిడ నళిని పుస్తకాలు పెట్టమంది. నానమ్మ పుస్తకమే పెట్టి, పసుపు కుంకుమ అద్ది దండం పెట్టుకున్నాను. పూజలో పెట్టింది దసరా దాకా తీయకూడదు. శాస్త్రం.

"ఫోన్ల గూడ ఉన్నది గద అది?" అంది నళిని.

ఇలాంటి మాటల వల్లే ఇంట్లో భక్తి తగ్గుతోంది.

అక్టోబర్ 4
అత్త ఫోన్. "దొరికిందా బిడ్డా కరుణాకర్?"

"దగ్గరికొచ్చిన అత్తమ్మా, ఫికర్ చెయ్యకు."

దసరా వెళ్లింది. పుస్తకం ఇంకా దేవుడి దగ్గరే ఉంది.

అక్టోబర్ 9
రాత్రికి మొత్తం చదివేస్తా!
నాలుగు పేజీలు. అన్నీ మంగళహారతులు.

అక్టోబర్ 10
బంతి కూర్చుంది. అత్త మొదటి చరణం ఎత్తుకుంది. కళ్లతో వెతుకుతోంది, ఎవరికోసమో నాకు తెలుసు. నేను లడ్డూల వెనక ఉన్నాను. చరణం అయిపోయింది. ఇక రెండోది తనే అల్లేసింది:

"పాట దెస్తనన్న కరుణాకరేడమ్మా
లడ్డూల సాటుకు నక్కినాడమ్మా
పుస్తకమేదిరా అని అడిగినామంటె
దేవుని పక్కన దాసినాడమ్మా"

రెండు వైపులవాళ్లూ విరగబడి నవ్వారు. నళినే చెప్పి ఉంటుంది. పది ఫోన్లు రికార్డు చేశాయి. మా వంశ వారసత్వంలో నేనూ చేరిపోయాను.

అక్టోబర్ 11
పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అందరు మస్తు నవ్విన్రు, మంచిగనే అయింది. గని అది నేనల్లిన పాటరా. మా అమ్మది గాదు. నేనున్నప్పుడే ఒక్కసారన్న ఇనిపియ్యి."

సిగ్గేసింది. నిజంగానే.

కొత్త నియమం: రోజుకు ఒక్క పేజీ. ఫోన్ చేసి అత్తకే చదివి వినిపించాలి. తొక్కు కొలతలైనా సరే. ఈ సాయంత్రం నుంచే.

సాయంత్రం రిసెప్షన్ ఉందట. రేపటి నుంచి.

లేదు. ఇప్పుడే. అత్త ఫోన్ ఎత్తింది.