కారు పైపొరలో మిగిలిన ఒక్క పాలిష్

ఆ రోజు నాకు కోపం వచ్చింది కారు మీద పడ్డ గీతలను చూసా, ఆ గీతలు కనిపించని మనిషిని చూసా? ఎనిమిదేళ్లుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. వీలునామాను ప్రశ్నతో మొదలుపెట్టరని వకీలు గారు అన్నారు. నాకు వేరే మొదలు దొరకలేదు.

కీర్తిశేషులు కైలాసం గారి కూతురు మమతారాణి అనే నేను, వయసు నలభై ఏడు, అవివాహితను, కరీంనగర్‌లో జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్తాను. వచ్చే బుధవారం నా గుండెలో ఒక కవాటం మార్చుతారు. అందుకని బుద్ధి స్థిమితంగా ఉండగానే ఈ కాగితం రాస్తున్నాను. ఎవరి బలవంతమూ లేదు. నా అనుమానాల బలవంతం ఉంది గానీ, దాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదట. ఇంతకుముందు రాసిన నాలుగు ప్రతులు చెల్లవు. వాటిని నేనే చింపేశాను.

1. ఈ వీలునామాను అమలుచేసే బాధ్యత ఖయ్యూం భాయికి ఇస్తున్నాను. ఆయనకు జగిత్యాల రోడ్డులో కార్లకు పాలిష్ పెట్టే షాపు ఉంది. ఎనిమిదేళ్లుగా మూడు నెలలకోసారి నా కారుకు మైనం పట్టిస్తున్నాడు. బంధువులకన్నా ఎక్కువసార్లు కలిసిన మనిషి. "మేడం, గీ బండి తిరుగుడుకు కొన్నరా, దాసుకునుడుకు కొన్నరా?" అని అడిగిండొకసారి. అయినా ఆయన్నే నమ్ముతున్నాను.

2. నా ఫ్లాటు, అందులోని సామాను, నా పేర ఉన్నవన్నీ, కారు ఒక్కటి తప్ప, నా తమ్ముడు కుమార్ కూతురు నవ్యశ్రీకి చెందుతాయి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నది. నా పుస్తకాలు అక్కర్లేకపోతే మొహమాటపడకుండా ఎవరికైనా ఇచ్చేయవచ్చు.

3. రెండు బకెట్లు, పద్నాలుగు మెత్తటి బట్టలు, మిగిలిన మైనం డబ్బా కూడా నవ్యశ్రీకే. ఒక బకెట్‌లో సబ్బునీళ్లు, రెండో దాంట్లో మంచినీళ్లు ఉండాలి. బట్టను ప్రతిసారీ మంచినీళ్లలో జాడించాకే సబ్బులో ముంచాలి. దుమ్మును పొడిబట్టతో తుడవకూడదు. దుమ్మంటే సన్న ఇసుక. పిట్ట రెట్ట పడితే గోకకూడదు, తడిబట్ట వేసి నాననివ్వాలి. ఎండలో కడగకూడదు. వేపచెట్టు కింద ఆపకూడదు, బంక కారుతుంది. ఈ నియమాలన్నీ మనుషులతో కూడా పాటించి ఉంటే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది. మళ్లీ, మనుషులు కార్లు కాదు కదా అనీ అనిపిస్తుంది.

4. కారు మీద కప్పే గుడ్డ మా పక్కింటి యాదవ్వకు. మూడేండ్లు నాకు తెలియకుండా దాని మీద వడియాలు పెట్టింది. పట్టుకుంటే, "కిందికెళ్లి ఇనుము కాగుతది బిడ్డా, జల్ది ఎండుతయ్" అన్నది. శాస్త్రరీత్యా ఆమె చెప్పింది నిజం. ఇకమీద కారు ఉండదు, గుడ్డ మాత్రమే. వడియాలు ఆలస్యంగా ఎండితే నా బాధ్యత లేదు.

5. ముదురు నీలం రంగు కారును నా తమ్ముడు, సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కుమార్‌కు ఇస్తున్నాను. కారణం రాయాలి.

రెండువేల పదిహేడులో కొత్త కారును కొండగట్టుకు తీసుకుపోయి పూజ చేయించాం. అయ్యగారు బానెట్ మీద నూనె కలిపిన సింధూరం పూసి, పైన పసుపు పెట్టాడు. ఇంటికి రాగానే కడిగేస్తానంటే మా అమ్మ, అంటే అవ్వ, ఒప్పుకోలేదు: "దేవుని బొట్టు తుడుస్తరానే?" తొమ్మిది రోజులు ఎండలో అట్లాగే గట్టిపడింది. పదో రోజు నేను పేపర్లు దిద్దడానికి పోయినప్పుడు కుమార్ వచ్చాడు. దేవుని దగ్గర కొట్టిన కొబ్బరికాయ పీచును అవ్వ గిన్నెలు తోమడానికి దాచిపెట్టింది. వాడు ఆ పీచు, గిన్నెల పొడి తీసుకుని ఒక్క బొట్టునే కాదు, కారు మొత్తాన్ని ఇత్తడి బిందెను తోమినట్టు తోమాడు. నేను వచ్చేసరికి మోకాళ్ల దాకా తడిసి నిలబడ్డాడు. "సూడక్కా, తళతళ అంటుంది."

ఎండ పడ్డ ప్రతిచోటా గుండ్రటి గీతలు.

నాలుగిళ్లవాళ్లు చూస్తుండగా అన్నాను: "గిన్నెకు, బండికి ఫరక్ తెల్వనోనికి ఏం జెప్పాలె? జర సదువుకుంటె తెలుస్తుండె."

వాడు చేతులు తుడుచుకున్నాడు. "ఇద్దరి సదువు నువ్వే సదివితివి గదక్కా" అన్నాడు. చాయ్ తాగకుండా పోయాడు.

అది నిజం. బాపు మంచం పట్టిన ఏడాది మా ఇద్దరిలో ఒకరు సాంచాల దగ్గరికి పోవాల్సి వచ్చింది. వాడు తొమ్మిదో తరగతిలో ఉన్నాడు, నేను ఇంటర్‌లో. ఎవరు పోవాలని ఎవరూ అడగలేదు. తెల్లారి వాడే పోయాడు.

ఆ తర్వాత మేము కొట్లాడుకోలేదు. వాడు పండుగలకు వస్తాడు, నవ్వుతాడు, కారుకు దూరంగా నడుస్తాడు. అవ్వ చనిపోయినప్పుడు గోదావరికి అస్థికలు తీసుకుపోతూ ఎక్కమంటే, "బట్టలకు నూలు పొట్టు ఉన్నదక్కా, సీట్లు ఖరాబైతయ్" అని బస్సులో వచ్చాడు. నేను కారులో ఒక్కదాన్నే పోయాను.

6. ఈ నిబంధన పూర్తికాలేదు. పైపొరను అరగదీసే పాలిష్ రెండుసార్లు పెట్టించాక సన్న గీతలు పోయాయి, లోతైనవి బానెట్ మీద ఉండిపోయాయి. పోయిన వారం ఖయ్యూం భాయి రంగు మందం చూసే యంత్రం పెట్టి, "ఇంకొక్క పాలిష్‌కే జాగ ఉన్నది మేడం, ఆ మీద రంగే లేస్తది" అన్నాడు. ఆ ఒక్కటీ పెట్టించి ఇస్తే, తన చేతి గుర్తును చెరిపేసి ఇచ్చిందని కుమార్ అనుకోవచ్చు. గీతలతోనే ఇస్తే, చచ్చినా దెప్పిపొడిచిందని అనుకోవచ్చు. వాడినే అడుగుదామని ఈ నెలలో మూడుసార్లు ఫోన్ చేశాను. సిరిసిల్లలో చలి షురువైందా అని అడిగాను. "షురువైందక్కా" అన్నాడు. నువ్వు పైలమా, పానం మంచిగున్నదా అని అడిగాడు. బుధవారం సంగతి చెప్పలేదు.

నిర్ణయం వాడికే వదిలేస్తే సరిపోతుందని వకీలు గారి సలహా. ముప్పై ఏళ్ల కింద కూడా వాడికే వదిలేశాం. అందుకే ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు. పాలిష్ పెట్టించాలో వద్దో నేను ఇంకా తేల్చుకోలేదు.

తేదీ: 14 నవంబర్ 2025, కరీంనగర్
సంతకం: కె. మమతారాణి

సాక్షులు:
1. హనుమండ్లు, కాలేజీ ల్యాబ్ అటెండర్
2. గంగుబాయి, తెలుగు అధ్యాపకురాలు, సొంతూరు ఇచ్చోడ