కంచె మీద ఏడో కాకి

జాక్,

నువ్వు నన్ను ఎరగవు. నీ చెల్లెలు మార్గరెట్ ఆంటీ ఇంట్లో అద్దెకుంటూ బ్రిస్బేన్‌లో యూనివర్సిటీకి వెళ్తున్నాను. హాల్లోని ఫోటోలో నీకూ నా వయసే. రెండో ప్రపంచ యుద్ధంలో, శత్రువులు ఆక్రమించిన ఫ్రాన్స్‌లో మీ బాంబరు విమానం కూలిందనీ, ఎవరి శవమూ దొరకలేదనీ ఆంటీ చెప్పారు.

ఈ రోజు మా తాతయ్య తద్దినం. పెరట్లో కంచె పక్కన అన్నం ముద్ద పెడితే కాకి వెంటనే ఎత్తుకుపోయింది. "తాతయ్య తిన్నట్టేరా" అని ఫోన్లో అమ్మ సంతోషించింది. అదేమిటని ఆంటీ అడిగితే చెప్పాను.

"మా జాక్‌కీ ఒకటి పెట్టవా?" అన్నారు.

పెట్టాను. ఏడు కాకులొచ్చి కంచె మీద వరసగా వాలాయి. ఒక్కటీ అరవలేదు. ఒక్కటీ ముద్ద ముట్టలేదు.

అమ్మకు చెబితే, "ఆ అబ్బాయికేదో కోరిక మిగిలిపోయిందిరా. కనుక్కుని మాటివ్వండి" అంది.

"విమానంలో ఏడుగురు," అన్నారు ఆంటీ మెల్లగా. "మిగతావాళ్ళకు పెట్టకుండా వాడు తినడు."

ఇంకో ఆరు ముద్దలు పెట్టాను. ఆరు కాకులు దిగి, తిని, ఎగిరిపోయాయి. చివరిది మాత్రం మాకు వీపు చూపిస్తూ, వచ్చిన దారివైపే చూస్తూ కూర్చుంది.

అది చూసి ఆంటీ చెప్పారు. విమానం తోకలో, తుపాకీ దగ్గర వెనక్కి తిరిగి కూర్చునేవాడివట నువ్వు, వెంటాడేవాళ్ళను కనిపెట్టడానికి.

"జాక్," అన్నారావిడ కంచె దగ్గరికెళ్ళి, "వెనక ఇంకెవరూ రావడం లేదు. తిను."

అప్పుడు నువ్వు ఇటు తిరిగావు.