చల్లారిన సూప్

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. సాయంత్రం తమ్ముడు నన్ను కరీంనగర్‌లో కొత్తగా తెరిచిన చిన్న రెస్టారెంట్‌కు తీసుకెళ్లాడు. బల్ల మీద కొవ్వొత్తి, ఒళ్లో తెల్లటి గుడ్డ. ముందుగా సూప్ తెచ్చారు.

ఇద్దరం చెంచా ముట్టలేదు. అన్నం ముందు ప్రార్థన ఎప్పుడూ నీదే కదా. మా పరీక్షలు, వానలు, మంథని చుట్టాలు అందరినీ నువ్వు దేవుడికి అప్పజెప్పేసరికి పప్పు చల్లారిపోయేది. ఇప్పుడు నేను వాడు మొదలుపెడతాడని, వాడు నేను మొదలుపెడతానని చూస్తున్నాం.

వడ్డించే అతను వచ్చాడు. "గట్లనే ఉంచిండ్రేంది సార్? వేడి చేసి తెమ్మంటరా?"

"వద్దన్నా," అన్నాడు తమ్ముడు. "మా బాపు ఉంటే ఇంకింత సల్లారుతుండె."

తర్వాత వాడే కళ్లు మూసుకున్నాడు. మంథని చుట్టాల దాకా వచ్చేసరికి సూప్ పూర్తిగా చల్లారింది.

అచ్చం మన ఇంటి రుచి, బాపూ.